క్యాన్సర్ చికిత్స తర్వాత, చంకలో పసిబిడ్డతో: వ్యాయామం మళ్ళీ మొదలుపెట్టే పద్ధతి

కడుపుతో ఉండగానో, కాన్పయిన ఏడాదిలోపో రొమ్ము క్యాన్సర్ బయటపడి, ఆపరేషన్, కీమో, రేడియేషన్ ముగించుకున్న తల్లుల కోసం ఇది. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత చేయాలి, ఎక్కడ ఆగాలి అని అడిగితే ఇంట్లో పెద్దవాళ్ళు "పచ్చి బాలింతవి, కదలకు" అంటారు. ఫోన్‌లో వీడియోలు "నెలలో పొట్ట తగ్గించండి" అంటాయి. రెండూ మీ ఒంటికి సరిపోవు.

మీ ఒళ్ళు ఇప్పుడు కాన్పు నుంచి, చికిత్స నుంచి ఒకేసారి తేరుకుంటోంది. ఈ రెండింట్లో ఏది వెనకబడితే దాని వేగమే మీ వేగం. ఇంకో సంగతి: బిడ్డను ఎత్తుకోవడం కూడా బరువులెత్తడమే. ఆరు నెలల బిడ్డ ఏడు కిలోల దాకా ఉంటుంది. రోజంతా ఎత్తి దించే ఆ బరువును లెక్కలో వేయకుండా రాసుకున్న ప్లాను పది రోజులు కూడా నిలవదు.

1. ముందుగా డాక్టరు దగ్గర తేల్చుకోవాల్సినవి

"వ్యాయామం చేయొచ్చా?" అని ఊరికే అడిగితే "చేయండమ్మా" అని ఒక్కమాటలో చెప్పి పంపేస్తారు. ఫైలు తీసుకెళ్ళి, కింది ప్రశ్నలు ఒక్కొక్కటిగా అడగండి.

☐ హిమోగ్లోబిన్ ఎంత? 8 కంటే తక్కువైతే ముందు దాన్ని సరిచేయించుకోవాలి. 8, 10 మధ్య ఉంటే నెమ్మదిగా నడక చాలు.
☐ ప్లేట్‌లెట్లు ఎన్ని? 50 వేల కంటే తక్కువుంటే బరువుల జోలికి వెళ్ళొద్దు.
☐ గుండె ఎకో (స్కాన్) ఎప్పుడు తీశారు? డోక్సోరూబిసిన్ (చాలామంది "ఎర్ర మందు" అంటారు), ట్రాస్టుజుమాబ్ అనే క్యాన్సర్ మందులు గుండె కండరాన్ని బలహీనపరచవచ్చు. ట్రాస్టుజుమాబ్ ఇంకా నడుస్తుంటే సుమారు మూడు నెలలకోసారి ఎకో తీస్తారు. తాజా రిపోర్టు చూశాకే వేగం పెంచాలి.
☐ చంకలో లింఫు గ్రంథులు ఎన్ని తీశారు? రెండో మూడో తీసినవాళ్ళ కంటే మొత్తం తీసినవాళ్ళకు చేయి వాచే ప్రమాదం ఎక్కువ.
☐ ఎముకల్లోకి జబ్బు పాకిందా? ఎముకలు పలచబడ్డాయా? పాకి ఉంటే ఈ ప్లాను మీకు కాదు. ఫిజియోథెరపిస్టు మీకోసం విడిగా రాసివ్వాలి.
☐ మందు ఎక్కించడానికి పెట్టిన పోర్ట్ గానీ, చేతిలో పిక్ లైన్ గొట్టం గానీ ఇంకా ఉందా? ఉంటే ఆ వైపు చేయి ఎంత ఎత్తు వరకు లేపొచ్చు?
☐ రొమ్మును పొట్ట కండతో తిరిగి కట్టారా? అలాగైతే పొట్ట వ్యాయామాలకు సర్జన్ అనుమతి విడిగా కావాలి.

కాన్పు చేసిన డాక్టరును అడగాల్సినవి రెండే. కుట్లు పూర్తిగా మానాయా? గర్భసంచి కిందికి జారిందా?

2. ఎప్పుడు మొదలుపెట్టాలి: తేదీలు వేసుకోండి

ఒక కాగితం మీద ఈ తేదీలు రాయండి.

– కాన్పు తేదీకి 6 వారాలు కలపండి. సిజేరియన్ అయితే 6 వారాల తర్వాత డాక్టరు చూసి సరేనన్న రోజు వేసుకోండి.
– రొమ్ము ఆపరేషన్ తేదీకి 6 వారాలు.
– ఆఖరి కీమోకి 3 వారాలు. రక్తకణాలు కోలుకోవడానికి ఆమాత్రం పడుతుంది.
– రేడియేషన్ ముగిసి, చర్మం పొక్కులూ రసీ లేకుండా ఆరిన రోజు.

వీటిలో అన్నిటికంటే చివర వచ్చేదే మీరు బరువులు మొదలుపెట్టే తేదీ. నడక, ఊపిరి వ్యాయామం, చేయి కదలికలు అంతకంటే ముందే, డాక్టరు వద్దనకపోతే చికిత్స నడుస్తుండగా కూడా చేయొచ్చు. "అన్నీ అయిపోయాక చూద్దాం" అని భుజాన్ని మూడు నెలలు కదపకుండా ఉంచితే, అది పట్టేసి, తర్వాత తలంటుకోవడానికి కూడా పైకి లేవదు.

3. కావలసిన సామాను

– మడమ పట్టుకునే బూట్లు. చెప్పులతో నడక వద్దు.
– చేతుల్లేని గట్టి కుర్చీ. గోడకు ఆనించి వాడాలి.
– అర లీటరు నీళ్ళ సీసాలు రెండు, లీటరు సీసాలు రెండు. నీళ్ళు నింపితే అర కిలో, కిలో బరువులు సిద్ధం.
– టైలరు టేపు, పెన్సిల్, చిన్న నోటుబుక్కు.
– తీగ లేని, మెత్తటి, కుట్టు మీద నొక్కని బ్రా.

4. చేయి కొలతలు: మొదటి రోజే తీయాలి

చంక గ్రంథులు తీసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా చేతిలో నీరు చేరి వాపు రావచ్చు. దీన్నే లింఫెడీమా అంటారు. కొత్తలో పట్టుకుంటే అదుపులో ఉంటుంది, ముదిరితే మొండికేస్తుంది. అందుకే వాపు లేని రోజునే కొలత తీసి పెట్టుకోవాలి.

చేతిని టేబుల్ మీద చాపండి. మణికట్టు ఎముక దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. అక్కడి నుంచి పైకి 10, 20, 30, 40 సెంటీమీటర్ల దగ్గర గుర్తులు పెట్టి, ప్రతిచోటా చుట్టుకొలత రాయండి. టేపు చర్మాన్ని తాకాలి కానీ నొక్కకూడదు. రెండో చేతికీ ఇదే చేయండి. నెలకోసారి, ఒకే సమయంలో తీయండి. రోజూ పని చేసే చేయి మామూలుగానే కాస్త లావుంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. మొదటి రోజుతో పోలిస్తే ఎక్కడైనా 2 సెంటీమీటర్లు పెరిగిందంటే చూపించుకోవాలి.

టేపు కంటే ముందే చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి. రోజూ వేసుకునే గాజులు ఆ చేతికి ఎక్కకపోవడం, జాకెట్టు చేయి పట్టేయడం, ఉంగరం బిగుసుకోవడం, సాయంత్రానికి చేయి బరువుగా లాగడం. వీటిలో ఏది కనిపించినా నెలాఖరు దాకా ఆగకుండా ఆరోజే కొలవండి.

"ఆ చేత్తో బరువులెత్తితే వాపు వస్తుంది" అనే మాట చాలాకాలం డాక్టర్లు కూడా చెప్పారు. కొద్దికొద్దిగా పెంచుతూ చేసే బరువుల వ్యాయామం వాపును పెంచదని 2009 నుంచి వచ్చిన పరిశోధనలు చూపించాయి. అసలు ముప్పు ఏళ్ళ తరబడి ఆ చేతిని దాచిపెట్టి, ఒకరోజు హఠాత్తుగా నీళ్ళ బిందె ఎత్తడంలో ఉంది.

5. పునాది: మొదటి రెండు వారాలు

ఈ రెండు వారాల్లో చెమట పట్టదు. "ఇది కూడా వ్యాయామమేనా" అనిపించి చాలామంది దాటేస్తారు. తర్వాత ఇబ్బంది పడేది కూడా ఎక్కువగా వాళ్ళే.

ఊపిరి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. ముక్కుతో గాలి పీలుస్తూ పక్కటెముకలు రెండు వైపులా విచ్చుకునేలా చూడండి. నోటితో నెమ్మదిగా వదులుతూ బొడ్డు కింది పొట్టను లోపలికి తీసుకోండి. 5 సార్లు, రోజుకు మూడు పూటలు. రేడియేషన్‌తో బిగుసుకున్న ఛాతీకి కూడా ఇది మంచిది.

కటి కండరాలు. మూత్రాన్ని, గాలిని ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి లాగి 5 లెక్కపెట్టే దాకా పట్టండి. 5 లెక్కపెడుతూ పూర్తిగా వదలండి. ఇలా 10 సార్లు, రోజుకు మూడు పూటలు. బిడ్డకు పాలు పట్టే వేళలకు ముడిపెడితే మరిచిపోరు. ఊపిరి బిగబట్టకూడదు, పిరుదులు బిగించకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయొద్దు. కీమో, హార్మోను మందుల వల్ల ఈస్ట్రోజన్ పడిపోయిన తల్లుల్లో ఈ భాగం మామూలు బాలింతల కంటే నెమ్మదిగా కోలుకుంటుంది. మూడు నెలలు పట్టినా అది మీ లోపం కాదు.

గోడ మీద వేళ్ళ నడక. గోడకు ఎదురుగా అడుగు దూరంలో నిలబడండి. ఆపరేషన్ అయిన వైపు చేతి వేళ్ళను గోడ మీద పైకి నడిపించండి. చంకలో లాగుతున్నట్టు అనిపించినచోట ఆగి, 10 సెకన్లు ఉంచి, వేళ్ళతోనే కిందికి దిగండి. చేతిని ఒక్కసారిగా వదిలేయొద్దు. 5 సార్లు చేశాక, వేళ్ళు అందిన ఎత్తులో పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. తర్వాత గోడకు పక్కగా తిరిగి అదే చేయండి. వారం వారం గీతలు పైకి పోతుంటే సరైన దారిలో ఉన్నట్టే. రేడియేషన్ వల్ల పట్టేయడం నెలల తర్వాత కూడా రావచ్చు. కాబట్టి గీత రెండో చేయి ఎత్తుకు చేరాక కూడా ఇది మానొద్దు.

చేయి చాపితే చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద తీగలాంటిది లాగుతూ కనిపిస్తే భయపడకండి. ఈ ఆపరేషన్ తర్వాత ఇది మామూలే. నెమ్మదిగా సాగదీస్తూ ఫిజియోథెరపిస్టుకు చూపించండి. గట్టిగా రుద్ది తెంపే ప్రయత్నం వద్దు.

నడక. 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు రెండుసార్లు. డాబా మీదో, అపార్ట్‌మెంటు కారిడార్‌లోనో చాలు.

6. పొట్ట కండరాల ఎడం చూసుకోవడం

వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, బొడ్డుకు కొంచెం పైన వేళ్ళు అడ్డంగా పెట్టండి. తల, భుజాలు కాస్త లేపండి. రెండు కండరాల అంచుల మధ్య ఎన్ని వేళ్ళు పడుతున్నాయి? బొడ్డు కింద కూడా చూడండి. రెండు వేళ్ళకు మించి పట్టినా, మధ్యలో పొట్ట గుడారంలా పైకి ఉబ్బినా సిటప్‌లు, ప్లాంక్, రెండు కాళ్ళు ఒకేసారి లేపడం ఇప్పుడు వద్దు. ఏ వ్యాయామం చేస్తున్నా ఈ ఉబ్బు కనిపించిన క్షణమే అక్కడ ఆగి, దాన్ని తేలిక చేయండి.

నడికట్టు నడుముకు ఊతమిస్తుంది, అంతే. అది ఎడాన్ని పూడ్చదు. ఊపిరాడనంత బిగిస్తే బరువంతా కిందికి తోసి కటి కండరాలను పాడుచేస్తుంది.

7. బిడ్డను ఎత్తే పద్ధతి: ఇదే మీ మొదటి బరువు

నేల మీది నుంచి: బిడ్డకు ఆనుకునేంత దగ్గరగా వెళ్ళండి. ఒక మోకాలు నేల మీద ఆనించండి. బిడ్డను ముందు ఎత్తిన మోకాలి మీదికి, అక్కడి నుంచి ఛాతీకి తెచ్చుకోండి. కటి కండరాలు బిగించి, "హ్..." అని గాలి వదులుతూ లేవండి. నడుము వంచి, చేతులు చాపి లాగేయడమే నడుము నొప్పికీ, కుట్ల దగ్గర సలుపుకూ సగం కారణం.

– ఒకే చంకన ఎత్తుకోవద్దు. ఆపరేషన్ అయిన వైపు మొదట 5 నిమిషాలే. తర్వాత వారానికి కొంచెం పెంచండి.
– బిడ్డను కట్టుకునే సంచి పట్టీ ఆ వైపు చంకలో కోసుకుపోకూడదు. రెండు భుజాల మీదా పడే వెడల్పు పట్టీలున్నది తీసుకోండి.
– కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోయడం కొన్నాళ్ళు అమ్మకో అత్తగారికో వదిలేయండి. ముందుకు వంగి, తడి బిడ్డను ఒక చేత్తో పట్టి, ఇంకో చేత్తో చెంబు ఎత్తడం భుజానికీ పొట్టకూ ఒకేసారి భారం.
– పాక్లిటాక్సెల్ అనే కీమో మందు వల్ల అరికాళ్ళు మొద్దుబారితే, బిడ్డతో మెట్లు దిగేటప్పుడు ఒక చేయి రెయిలింగ్ మీద ఉండాలి. రెండు చేతులూ ఖాళీ లేకపోతే మెట్లు దిగొద్దు.

8. పన్నెండు వారాల ప్లాను

వేగం కొలవడానికి మెషిన్ అక్కర్లేదు. నడుస్తూ జోలపాట హాయిగా పాడగలిగితే వేగం చాలదు. పక్కవాళ్ళతో రెండు ముక్కలు మాట్లాడలేకపోతే ఎక్కువైంది. మాటలు వస్తూ, పాట రాకుండా ఉండటమే సరైన వేగం.

1–2 వారాలు: 5వ భాగంలో చెప్పినవి.

3–4 వారాలు: నడక రోజుకు 15 నిమిషాలు, వారానికి 5 రోజులు. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామంతో:
– కుర్చీలోంచి లేచి కూర్చోవడం, 8 సార్లు. లేచేటప్పుడు గాలి వదలాలి.
– గోడకు చేతులు ఆనించి పుషప్‌లు, 8 సార్లు.
– పడుకుని మోకాళ్ళు మడిచి నడుము లేపడం, 8 సార్లు.
– వంటగట్టు పట్టుకుని మడమలు లేపడం, 10 సార్లు.
ఒక్కోటి రెండు విడతలు, మధ్యలో నిమిషం విశ్రాంతి.

5–8 వారాలు: నడక 20–25 నిమిషాలు. పైవాటికి తోడు, ఒక చేయి కుర్చీ మీద ఆనించి వంగి, రెండో చేత్తో అర లీటరు సీసాను నడుము దాకా లాగడం, 10 సార్లు. వంటగట్టు పక్కనే ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడటం.

9–12 వారాలు: నడక 30 నిమిషాలు, వారానికి 5 రోజులు. అంటే 150 నిమిషాలు. సీసా కిలోకి మారుతుంది. సార్లు 12 అవుతాయి.

ఆపరేషన్ అయిన చేతికి ఒక నియమం ఉంది. ఒకే బరువుతో మూడుసార్లు చేసినా మర్నాటికి చేయి బరువెక్కడం, లాగడం, వాపు ఏవీ లేకపోతేనే పై బరువుకు వెళ్ళాలి. వారం రోజులకు మించి మానేస్తే ఒక మెట్టు దిగి మొదలుపెట్టాలి. ఇప్పటికే వాపు ఉన్నవాళ్ళు కొలతకు సరిపోయే బిగుతు చేతితొడుగు వేసుకునే చేయాలి. వాపు లేనివాళ్ళకు అది అక్కర్లేదు.

ఒక వారంలో ఒకటే పెంచండి: నిమిషాలో, బరువో, సార్లో.

9. రోజును బట్టి సర్దుకోవడం

ఉదయం లేవగానే అలసటకు 0 నుంచి 10 లోపు మార్కు వేసుకోండి.

– 0–3: అనుకున్నది మొత్తం.
– 4–6: సగం. బిడ్డ రాత్రంతా నిద్రపోనివ్వని రోజులు ఎక్కువగా ఇక్కడే పడతాయి.
– 7 పైన: ఊపిరి, గోడ వేళ్ళ నడక, 5 నిమిషాల అడుగులు. అంతే.

రెండు వారాలు వరసగా 7 పైనే ఉంటే దాన్ని నిద్రలేమి ఖాతాలో వేసేయొద్దు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించండి. కాన్పు తర్వాత థైరాయిడ్ గాడి తప్పడం కొంతమందిలో ఉంటుంది. అన్నిటి మీదా ఆసక్తి పోయి, ఊరికే ఏడుపొస్తూ, బిడ్డ మీద కూడా మనసు నిలవకపోతే అది బద్ధకం కాదు. డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఎండాకాలంలో ఉదయం 7 లోపే ముగించండి. రేడియేషన్ పడ్డ చర్మం మీద ఎండ పడకుండా నూలు బట్ట కప్పుకోండి.

10. తిండి, నీళ్ళు

పత్యం పేరుతో నీళ్ళు, పప్పు, గుడ్డు తగ్గించి వ్యాయామం చేస్తే కండ పెరగకపోగా తరుగుతుంది. 60 కిలోల మనిషికి రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ కావాలి. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6–7 గ్రాములు ఉంటుంది. పప్పు, పెరుగు, చేప, చికెన్, సెనగలు పూట పూటకూ పంచుకుంటే సరిపోతుంది. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టరును అడగాలి. ఈ 12 వారాల్లో బరువు తగ్గే డైట్లు పెట్టుకోవద్దు.

డాక్టరు అనుమతితో పాలిస్తున్నవాళ్ళు, పాలిచ్చాకే వ్యాయామం చేస్తే రొమ్ము బరువు ఇబ్బంది పెట్టదు.

11. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటి మందు

సూర్యనమస్కారాలతో మొదలుపెట్టడం. అందులో ముందుకు వంగడం, చేతుల మీద ఒళ్ళంతా మోయడం, పొట్ట సాగడం వరసగా వస్తాయి. ముందు గోడ పుషప్‌లు 12, తర్వాత వంటగట్టు మీద 12 ఇబ్బంది లేకుండా రావాలి. పొట్ట ఉబ్బకూడదు. అప్పుడు నెమ్మదిగా ఒక్కటి.

కపాలభాతి. పొట్టను విసురుగా కొట్టే ఈ ప్రక్రియ ఎడం ఉన్నవాళ్ళకూ, సిజేరియన్ కుట్లు ఉన్నవాళ్ళకూ ఇప్పుడు పనికిరాదు. నెమ్మదిగా చేసే ఊపిరి చాలు.

బాగున్న రోజున రెట్టింపు చేయడం. ఫలితం మర్నాడు కాదు, రెండో రోజు మంచం మీద తెలుస్తుంది. బాగున్న రోజున కూడా రాసుకున్నంతే చేయండి.

ఆ చేతిని పూర్తిగా వాడకపోవడం, లేదా మరిచిపోయి బిందె ఎత్తడం. రెండూ తప్పే. ఆ చేత్తో ప్రస్తుతం ఎంత బరువు ఎత్తొచ్చో ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పి ఉంచండి.

దగ్గినప్పుడు, లేచినప్పుడు మూత్రం పడటాన్ని "పిల్లలు పుట్టాక మామూలే" అని వదిలేయడం. అది పడుతోందంటే బరువు మీ కటి కండరాలకు ఎక్కువైందని అర్థం. ఒక మెట్టు దిగండి. నాలుగు వారాల్లో తగ్గకపోతే చూపించుకోండి.

12. వెంటనే ఆగాల్సిన గుర్తులు

☐ ఛాతీ నొప్పి, గుండె దడ, మామూలుకు మించిన ఆయాసం, కళ్ళు తిరగడం
☐ ఒక పిక్క మాత్రమే వాచి, వేడెక్కి నొప్పి. కాన్పు, టామోక్సిఫెన్ అనే హార్మోను మందు రెండూ రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతాయి
☐ 100.4 డిగ్రీల జ్వరం
☐ చేయి ఎర్రబడి, వేడెక్కి వాచడం
☐ రాత్రి కూడా తగ్గని కొత్త ఎముక నొప్పి, నడుము నొప్పితో కాళ్ళు బలహీనపడటం
☐ గంటలో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం, కింద ఏదో జారుతున్నట్టు బరువు
☐ కుట్ల దగ్గర రసి, విచ్చుకోవడం

మొదటి రెండింటికి 108కి ఫోన్ చేయండి. మిగతావాటికి ఆరోజే డాక్టరును కలవండి.

13. పరుగు, జిమ్, ఈత

పరుగు కాన్పయిన 12 వారాలకు ముందు అసలు వద్దు. ఆ తర్వాత కూడా 30 నిమిషాలు చురుగ్గా నడవడం, ఒక్కో కాలి మీద 10 సెకన్లు నిలబడటం, అక్కడికక్కడే నిమిషం జాగింగ్ చేయడం నొప్పి, మూత్రం పడటం లేకుండా రావాలి. వచ్చాక ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఆరుసార్లు. అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళకు పరుగు కంటే కదలని సైకిల్ మేలు.

జిమ్‌కు తెల్లకణాలు మామూలు స్థాయికి వచ్చాకే వెళ్ళాలి. ట్రైనర్‌కు ఏ వైపు ఆపరేషన్ అయిందో, సిజేరియన్ ఎప్పుడో మొదటి రోజే చెప్పండి. ఈతకు పిక్ లైన్ తీసేసి ఉండాలి, రక్తస్రావం ఆగాలి, రేడియేషన్ చర్మం పూర్తిగా మానాలి. నీళ్ళలోంచి రాగానే మంచినీళ్ళతో కడుక్కుని, ఆ వైపు చంకను అద్దినట్టు తుడవండి, రుద్దొద్దు.